సిలివ్రియాక్ కోసం వేలాడిన రాంగెల్

రాంగెల్ కాఫీకొట్టులోకి అడుగుపెట్టగానే దీమోకి అర్థమైపోయింది, ఇక ఈ పూట చెవులకి విశ్రాంతి లేదని. చంకలో కాగితపు పొట్లం, నున్నగా గీసిన గడ్డం, పైగా కుడికాలు కుంటుతున్నాడు. పొద్దున రొట్టెల కొట్టు దగ్గర కుంటింది ఎడమకాలు.

దీమో తేనెటీగలు పెంచుకునే మనిషి, ఓర్పున్నవాడే. కానీ ఎంతని ఓర్చుకుంటాడు? మూడేళ్ళుగా రాంగెల్ ఈ కొట్టు నడిపే స్తోయ్నని ఒకటే అడుగుతున్నాడు, ఊరి జాతరలో నా చెయ్యి పట్టుకుని నాట్యం ఆడవా అని. మొగుడు మించో పోయాక ఆరేళ్ళుగా ఒంటరిగా ఉన్న మనిషి ఆవిడ. "తోడేలు బండ మీంచి సిలివ్రియాక్ పువ్వు తెచ్చిపెట్టు, ఆడతాను" అని ఆవిడా మూడేళ్ళుగా అదే మాట. జాతర ఈ శనివారమే. ఈసారీ కాదందంటే రాంగెల్ చలికాలమంతా దీమో పొయ్యి పక్కన చతికిలబడి, తను బస్సు నడిపిన ముప్పై ఏళ్ళ కథా మొదటి మలుపు నుంచి చెప్తాడు. ఆ భయంతో దీమో లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాడు.

"పెద్ద గొప్పేం కాదులే," అని మొదలెట్టాడు రాంగెల్, పొట్లం బల్ల మీద పెట్టి. "తోడేలు బండ ఎక్కాను, పువ్వు తెచ్చాను. అంతే. ఎవరైనా ఎక్కుతారు. అంటే, నాలాంటివాడు ఎవడైనా."

స్తోయ్న తలెత్తలేదు. కప్పులు తుడుచుకుంటోంది.

"బండ ఎత్తెంతో తెలుసుగా?"

"తెలుసు. మన చర్చి గంట గోపురమంత," అన్నాడు దీమో.

"అది కింద నుంచి చూస్తే! ఎక్కే కొద్దీ పెరుగుతుందిరా అది. సగం ఎక్కేసరికి మబ్బులు నా మోకాళ్ళ దగ్గరున్నాయి. ఇంకాస్త ఎక్కేసరికి ఒక గద్ద రొప్పుకుంటూ వచ్చి నా భుజం మీద వాలింది, కాసేపు ఆయాసం తీర్చుకుంది, ఇంతెత్తు నావల్ల కాదు బాబూ అన్నట్టు కిందికే పోయింది. అక్కడ, చీలికలో కనపడింది సిలివ్రియాక్! ఎండి కరకరలాడుతోంది, నలభై ఏళ్ళుగా నీటిచుక్క ఎరగదు. చెయ్యి చాచాను, కాలు జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడి చచ్చావు."

"ప్యాంటు పట్టీ కొమ్మకి తగులుకుంది! మూడు రోజులు వేలాడానురా దీమో, మూడు రోజులు!"

"నిన్న సాయంత్రం నాతో పాచికలాడి ఓడిపోయావు కదరా?"

"మరి అందుకే ఓడిపోయాను! మూడు రోజులు తలకిందులుగా వేలాడినవాడికి బుర్ర పనిచేస్తుందా?"

స్తోయ్న మూతి ఒక పక్కకి వంకర పోయింది, నవ్వో కాదో తెలియలేదు.

"మూడో రోజున పైనుంచి ఒక ఎలుగుబంటి వంగి చూసింది. ఇదిగో, ఈ తలుపంత మొహం. 'ఏమయ్యా, నన్ను తింటావా?' అని మర్యాదగానే అడిగాను. తల అడ్డంగా ఊపింది! మన దగ్గర అడ్డంగా ఊపితే అవుననే కదా? నా పని అయిపోయింది అనుకున్నాను. మా అమ్మని తలుచుకున్నాను. ఇంకొకరిని కూడా తలుచుకున్నాను, పేరు చెప్పను."

స్తోయ్న చేతిలో కప్పు ఆగింది.

"అప్పుడు తట్టింది నాకు. అది సరిహద్దు అవతలి ఎలుగు! గ్రీకు ఎలుగు! వాళ్ళకి అడ్డంగా ఊపితే కాదని!"

"గ్రీకుదని ఎలా తెలిసిందిరా నీకు?"

"ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పించుకుంది మరి! సరే, పట్టీ పట్టుకుని పైకి లాగింది. జేబులో రకియా సారా సీసా ఉంది. చేతికి చిక్కిన పువ్వు మీద సగం పోశాను. లేచి కూర్చుంది! ఆకులు విప్పింది, మొగ్గలేసింది, పూసింది, ఘాటుకి ఒకసారి తుమ్మింది కూడా. మిగతా సగం ఎలుగు తాగింది. నన్ను వీపు మీద ఎక్కించుకుని బస్టాండు దాకా దింపి, అదీ బస్సెక్కింది. సీట్లు ముసలాళ్ళకి వదిలేసి వెనకాల నిలబడింది, పాపం. నా మొత్తం సర్వీసులో టికెట్ అడిగి తీసుకున్న ఎలుగుని ఆ ఒక్కదాన్నే చూశాను."

"ఎక్కడిదాకా టికెట్?"

"సరిహద్దు దాకా. రానూ పోనూ."

స్తోయ్న చేతులు తుడుచుకుని వచ్చి పొట్లం విప్పింది. లోపల నిజంగానే సిలివ్రియాక్. లేత ఊదారంగు పువ్వులతో రెండు పిలకలు, ఆకుపచ్చ ఊలుదారంతో కలిపి కట్టి ఉన్నాయి. దీమో నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వీడు నిజంగానే ఎక్కాడా ఏంటి, కొంపదీసి?

"ఏమయ్యా రాంగెల్," అంది స్తోయ్న నెమ్మదిగా, "ఎన్ని ఇవి?"

"రెండు."

"బతికున్నవాళ్ళకి పువ్వులు బేసి లెక్కనే ఇస్తారు. సరి సంఖ్య పోయినవాళ్ళకి కదా?"

రాంగెల్ టోపీ సవరించుకున్నాడు. "మూడోది... మూడోది ఎలుగు తీసుకుంది, వాళ్ళావిడకి..."

"ఈ ఊలు నా పాత స్వెట్టరుది. మొన్న ఆదివారం నా చేత్తో కట్టి మించో సమాధి మీద నాటాను. గుట్ట మీది శ్మశానానికి రోజూ నీళ్ళు ఎవరు మోస్తారు, ఇదైతే ఎండినా చావదు కదా అని."

దీమో ఆపుకోలేక కాఫీ ముక్కులోంచి వదిలాడు.

రాంగెల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వెళ్ళాను స్తోయ్నా, ఒట్టు. బండ కింద దాకా వెళ్ళాను. పైకి చూస్తే కళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు ఈ లోయల అంచునే బస్సు నడిపాను, కానీ చేతిలో స్టీరింగు లేకపోతే ఎత్తంటే నాకు భయం."

కుంటు లేదు, కోతలు లేవు. దీమోకి మొదటిసారి వాడి మీద జాలేసింది.

"పిచ్చి మొద్దూ! వెనక వైపు మేకల దారుందయ్యా. నేను చెప్పులేసుకుని ఎక్కాను. నువ్వు తేగలవనే కదా అంత సులువుది అడిగాను! మూడేళ్ళలో ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి చావలేదా?" పొట్లం మళ్ళీ చుడుతూ ఉంటే స్తోయ్నకి నవ్వొచ్చేసింది, కళ్ళలో నీళ్ళు కూడా. "ఇరవై రెండేళ్ళ కాపురంలో మించో నాకొక్క పువ్వు తెచ్చి ఎరగడు. పోయిన ఆరేళ్ళకి ఇదిగో, నీ చేత పంపించాడు. పో, ఈ రెండూ ఆయనకి తిరిగి ఇచ్చిరా. తర్వాత మేకల దారిన వెళ్ళి నాకొకటి పట్రా. ఒక్కటే."

రాంగెల్ లేచాడు. ఏ కాలూ కుంటడం లేదు. గుమ్మం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని అడిగాడు: "తెస్తే, శనివారం నాతో ఆడతావా?"

స్తోయ్న కప్పు ఒకటి అందుకుని, వాడి మొహంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది.

రాంగెల్ మొహం వెలిగింది. వెంటనే ఆరింది. బిక్కమొహంతో దీమో వైపు తిరిగాడు.

"ఒరేయ్ దీమో, అది మన ఊపా, గ్రీకు ఊపా?"