చిన్నోడు కోరుకున్న బండ

అంచెట్టి రోడ్డు పక్కన, వాలు నేలలో సగం లేచిన ఇల్లు. దాన్ని కట్టిస్తున్న ఇంజనీరు ఆశ, ఆమె పెదనాయన శేషప్ప.

“మీ నాయన లేడు గదా? ఉంటే నేనీ పక్కకే రాను.”

“సిమెంటుకని హోసూరు పోయినాడు. మెట్లు ఇట్ల ఉండాయి, దిగి చూడండి పెదనాయనా.”

“చూసేదానికి రాలేదు. ఊరికే, పోతా పోతా.”

“మూడు దినాలుగా పోతానే ఉండారు. పునాది పూజకి పిలిచేదానికి నాయన వస్తే మాత్రం వాకిలి వేసుకుంటిరి.”

“ఆ మాట ఇప్పుడెందుకు? ఇదేమమ్మా, వాకిలి మీద, ఇల్లు కింద? బావిలోకి దిగినట్ల దిగల్నా?”

“నేల ఎట్ల దిగితే ఇల్లు అట్ల దిగుతాది. నడిమి మెట్టులో హాలు, దాని కింద రూములు. కింది మిద్దె మీద తోట.”

“వీధికన్నా ఇల్లు పల్లం. లక్ష్మి నిలవదు.”

“వాస్తు ఆయన వచ్చి చూసినాడు. తనకీ ఇట్లాంటిదే ఒకటి గీసియ్యమన్యాడు.”

“వాడా? నాకు చెప్పనే లేదే. ఈ బండ... హాల్లోనే పెట్టేసినారే?”

“అదే గోడ. చెయ్యి పెట్టి చూడండి.”

“చల్లగుండాది. వాన నీళ్ళు?”

“బండ వెనక కాలవ తీసినాము.”

“అన్నీ చూసుకున్యావు. సరే, ముందు నాకు గీసియ్యి. ఇట్లాంటిదే.”

“మీకా? మూడంతస్తులు లేపి నాలుగేండ్లు కాలేదు.”

“లేపినాను. ముందరంతా గ్రానైటు. కృష్ణగిరి నించి కార్లేసుకుని వస్తారు, నా గేటు ముందర నిలుపుతారు, నా ఇంటికి వీపు తిప్పి దీన్ని ఫోటో తీస్తారు. కడుపు మండుతాదమ్మా. దాచేదేముంది, మండుతాది.”

“మీది చదును నేల. దాంట్లో ఇది రాదు.”

“జేసీబీ పిలుస్తా. ఎంత వాలు కావాలో చెప్పు, తవ్విస్తా.”

“వాలు ఎవరైనా తవ్వుకుంటారా పెదనాయనా?”

“నవ్వద్దు. పెద్దోడు భాగం పెట్టాల, చిన్నోడు ముందు కోరుకోవాల, అది మన వాడిక. నేను చదును ఒక భాగం, బండ ఒక భాగం పెట్టినాను, వాడు ఈ బండ కోరుకున్యాడు. వెర్రోడని వారం దినాలు నవ్వుకున్యాను. ఇప్పుడు తెలిసింది ఎవడు వెర్రోడో. వాడికి అప్పుడే ఈ ఇల్లు కనపడింది.”

“అప్పుడు నేను తొమ్మిదో క్లాసు. ఏ ఇల్లు కనపడతాది?”

“మరి చదును వదిలి బండ ఎవడు కోరుకుంటాడు?”

“పోనీలెండి.”

“చెప్పమ్మా.”

“నాయన చెప్పద్దన్యాడు.”

“అట్లయితే ఏదో ఉండాది. నన్ను మోసం చేసినాడు, అంతే గదా?”

“భాగాలకి ముందు రోజు, టెంకాయ పట్టి నీళ్ళు చూసే లింగప్పని మీరు ఎవరికీ చెప్పకుండా పిల్చుకొచ్చినారు. చదునులో బోరుకి చోటు చూపించుకుని, గుర్తుకి రాయికి సున్నం పూసి, ఎవరికీ కనపడకుండా మీద కంప కప్పినారు.”

“అది... అది ఎవరు చూసినారు?”

“ఆవుల్ని తోలుకొస్తా నాయన చూసినాడు.”

“చూసినోడు నలుగుర్లో అడగలేదే?”

“అన్న మనసు దానిమీద పడింది, అదే నేను కోరుకుంటే జన్మకి నా మొగం చూడడు అనుకున్యాడంట. చదును పోతే పోనీ, అన్న మిగుల్తాడు గదా అని ఈ బండ పట్టుకున్యాడు. అక్కడే తప్పింది పెదనాయనా, మా నాయన లెక్క.”