గుంపులో మొదటి గొంతు

మళ్ళీ అదే అడుగుతారేంటి మాస్టారూ! ముందు కూర్చోండి. టీ చల్లారిపోతోంది. మొదట ఎవరన్నారో నాకేం తెలుసు? నలభై గొంతులాయె!

అసలు ఈ తీరం పొడుగునా ఈ హొరేస్ టిబ్నమ్ లాంటి గొంతుందా? నేను మంద్రం పట్టానంటే రేవులో పడవలు లంగర్లు తెంపుకునేవి. నవ్వరేం?

సరే, సరే. మేమాడిన ఆ పాటల నాటకం, ఒపెరా, మీరు చూసిందేగా. మడుగుల్లో చేపలు పట్టుకునే ఒంటరివాణ్ణి ఊరంతా కలిసి తరిమేస్తుంది. ఆ వేషం మీ లయనెల్ గారడ్‌ది. తరిమే గుంపు మేము. గుంపు గొణగాలంటే మా స్టేజీవాళ్ళకో అలవాటుంది. అందరూ 'రూబార్బ్, రూబార్బ్' అంటారు. పెరట్లో మొలిచే పుల్లటి కాడ పేరు! దూరానికి అదే తిట్లలా వినిపిస్తుంది.

రిహార్సల్లో డైరెక్టరు కసిరాడు. "మనిషిని తరుముతున్నారా, విందుకి పిలుస్తున్నారా? కసి ఏదయ్యా?"

అప్పుడు... ఎవరో 'గారడ్, గారడ్' అన్నారు. అంతా ఇకిలించి అందుకున్నారు. రొట్టెల మేబెల్ అయితే, "పాపం, ఈయన్ని తరిమేస్తే మాస్టారి చొక్కాలెవరు ఇస్త్రీ చేస్తారే!" అంది. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఎందుకుంటారో ఊరికి తెలీదా? పైకి అనరంతే. అంటే మీ ఇద్దరికీ జైలు కదా, మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే నేరమాయె.

ప్రదర్శనలోనూ అదే గొణిగాం. వాద్యాల హోరులో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాం. మూడో అంకంలో వాద్యాలన్నీ ఠక్కున ఆగే చోటొకటుందని మరిచాం. నిశ్శబ్దంలో నలభై గొంతులు, వేషం పేరు కాదు, అతని సొంత పేరు! ముందు వరసలో పాదిరి గారు, పక్కనే పోలీసు అధికారి. ఊరు అతన్నే ఎందుకు తరుముతోందో వాళ్ళకి వేరే చెప్పాలా? లయనెల్ మావైపు తిరిగి చూశాడు. చూసి, మిగతాదంతా పాడాడు. ఎలా పాడాడనుకున్నారు!

మర్నాడు చర్చిలో అతను వాయించే ఆర్గన్ తాళంచెవి లాక్కున్నారు. ఆ మర్నాడు పోలీసులు మీ తలుపు తట్టేసరికి మనిషే లేడు. ఎక్కడున్నాడో మీక్కూడా తెలీదాయె.

మేబెలే మొదలెట్టిందని మీరు ఆవిడ దగ్గర రొట్టె మానేశారట. మానకండి. ఆవిడ కాదు.

నేనే మాస్టారూ. ఆ వేషం నాకిస్తారనుకున్నాను. ఇరవయ్యేళ్ళు నన్ను గుంపులోనే నిలబెట్టారు.

లేవకండి, ఇంకొకటుంది. 'గుంపు ద్వేషం అచ్చం నిజంలా ఉంది' అని పేపర్లో పడింది. జన్మలో నా పాటకి దొరికిన మెప్పు అదొక్కటే. కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. పారేద్దామనే రోజూ తీస్తాను. చదువుకుని మళ్ళీ పెట్టుకుంటాను.