మూత పెట్టి, మంట తగ్గించు

సాయంత్రం. ఒక వంటింటికీ, వేరే వీధిలోని ఒక మేడకీ మధ్య ఫోను.

"ఆరేసిన బట్టలు తియ్యాలి. మా అత్తగారి కంట్లో చుక్కల మందు వెయ్యాలి. చిన్నవాడి చేత ఎక్కాలు అప్పజెప్పించుకోవాలి. పెద్దదాని యూనిఫాంకి గుండీ ఊడింది, కుట్టాలి. నీళ్ళ మోటారు వెయ్యాలి. రేపటికి కూరగాయలు తరిగి పెట్టుకోవాలి. పొద్దున్నుంచీ బట్టల షాపులో బిల్లులు కొడుతూ నిలబడ్డ కాళ్ళు ఇవి. ఇన్నిట్లో ఇప్పుడు మీకు గుడ్ల కూర కూడా నేర్పాలా బావా?"

"నేర్పక్కర్లేదు చిన్నీ. చెప్తే చాలు. ఉల్లిపాయలు తీసుకున్నా. తర్వాత?"

"నిన్న మీ ఫోను ఎత్తలేదు. మొన్న ఎత్తలేదు. అర్థం చేసుకుంటారనుకున్నా."

"పనిలో ఉన్నావనుకున్నా."

"ఎప్పుడు లేను పనిలో?"

"కొంచెం గట్టిగా మాట్లాడవా? ఇక్కడ ఫ్యాను మోత."

"ఇంకా గట్టిగానా? ఇప్పటికే ఎదురింటావిడ కిటికీ తీసి చూస్తోంది."

"చూడనీ. ఉల్లిపాయలు తీసుకున్నా. తర్వాత?"

"సన్నగా తరగండి."

"సన్నగా తరుగుతున్నా."

"ఇదొకటి. నేనేది చెప్తే అదే మళ్ళీ అంటారు. చిలకని పెంచుకున్నట్టుంది నాకు."

"అలవాటు. లిఫ్టు పనిలో అంతే. పైనున్నవాడు ఏది చెప్తే, కింద గుంతలో ఉన్నవాడు అదే తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పాకే చెయ్యి వెయ్యాలి. లేకపోతే చెయ్యి పోతుంది."

"ఉల్లిపాయకి కూడా పోతుందా?"

"పోదులే. నూనె పెట్టనా?"

"పెట్టండి. ఉల్లిపాయలు వెయ్యండి. ఎర్రగా... ఒరేయ్ బుడంకాయ్! దిగు! దిగరా ఆ గోడ మీంచి! పడ్డావంటే కాళ్ళు విరగ్గొడతా!"

"అబ్బా, మధ్యలో వాణ్ణి పిలవకు చిన్నీ."

"పడి కాలు విరిగితే మీరొచ్చి కట్టు కడతారా? ఎర్రగా వేయించండి."

"ఎర్రగా వేయిస్తున్నా."

"మా అక్క ఎలా భరించిందో మిమ్మల్ని. పాపం అది పోయే రోజు దాకా..."

"వేగాయి! వేగాయి. ఉల్లిపాయలు వేగిపోయాయి. తర్వాత? తర్వాత చెప్పు."

"అప్పుడేనా?"

"సన్నగా తరిగా కదా. తర్వాత?"

"టమాటాలు. ఉప్పు, కారం."

"టమాటాలు. ఉప్పు, కారం."

"అవి మెత్తబడ్డాక..."

"మెత్తబడ్డాక గరిటెతో గుంటలు చేసి, గుంటకో గుడ్డు పగలగొట్టి, కలపకుండా మూత పెట్టి, మంట తగ్గించు."

"..."

"చిన్నీ? వినపడుతోందా? తర్వాత?"

"నేనింకా చెప్పలేదు."

"ఏది?"

"గుంటలు. గుడ్లు. మూత. నేను మెత్తబడ్డాక దగ్గరే ఆగాను. మీరు తిరిగి చెప్పారు."

"మొన్నొకసారి చెప్పావు కదా."

"మొన్న నేను ఫోనే ఎత్తలేదు."

"అంతకు ముందెప్పుడో."

"ఎప్పుడూ చెప్పలేదు. పప్పు చెప్పా. బంగాళాదుంపలు చెప్పా. ఇది మా అక్క చేసే పద్ధతి. నేనైతే గుడ్లు ఉడకబెట్టి వేస్తాను. బావా, మీకు వంట వచ్చు."

"ఏదో కొంచెం..."

"ఆ ఉల్లిపాయల చప్పుడు విన్నప్పుడే అనుకున్నా. నాకే అంత వేగంగా రాదు. మరి రోజూ నాకెందుకు ఫోను? మా అక్క చచ్చి..."

"ఆగు! ఆగు, ఆగు. ఒక్క క్షణం. స్పీకరు తీసేస్తున్నా. ఆఁ. తీసేశా. ఇప్పుడు చెప్పు. మెల్లగా."

"ఇందాకటి దాకా గట్టిగా అన్నారు."

"ఇప్పుడు మెల్లగా."

"ఏం జరుగుతోంది బావా అక్కడ?"

"ఏం లేదు. వంట."

"నేనొకటి అడుగుతా, నిజం చెప్పండి. అడగడానికి నాకు నోరు రావట్లేదు, అయినా అడుగుతా. రోజూ అదే వేళకి మీ బావకి నీతో ఏం పనమ్మా అని మా అత్తగారు అడిగారు. ఆవిడ సరే. మా ఆయన ఏమీ అడగలేదు. నాకు అదే భయంగా ఉంది. నా ఫోను మోగగానే ఆయన లేచి మేడ మీదికి వెళ్ళిపోతున్నారు. ఇవాళ నేనే ముందుగా ఎక్కేశా. మీ మనసులో ఏమైనా ఉంటే..."

"ఛీ! ఛీ! ఏం మాటలే అవి? చీమిడి ముక్కుతో పలక పట్టుకుని నా సైకిలు ముందు కూచున్న దానివి నువ్వు!"

"మరెందుకు చేస్తున్నారు? వంట వచ్చిన మనిషికి రాని మనిషి వేషం దేనికి? చెప్పరా? అయితే ఉంటాను బావా. ఇంక చెయ్యకండి."

"పెట్టకు! చిన్నీ, పెట్టకు. చెప్తా. పెట్టకమ్మా. అది తినట్లేదు."

"ఎవరు? మీ పాప పిచ్చుకా?"

"నువ్వు ఫోను ఎత్తని రోజు నుంచీ. నిన్న బ్రెడ్డు అంచు కొరికి వదిలేసింది. బడిలో డబ్బా తెరవలేదట, టీచరు చెప్పింది. ఇవాళ మంచినీళ్ళు. అంతే."

"అయ్యో. జ్వరమా?"

"కాదు."

"మరి? నేను ఫోను ఎత్తకపోతే అదెందుకు తినదు?"

"మీ అక్క ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీలో ఉన్నప్పుడు ఏం చేసేదో నీకు తెలుసుగా. వార్డులో టీ వేళకి ఫోను చేసేది. నేను ఫోన్ని ఇక్కడ ఉప్పు డబ్బాకి ఆనించి స్పీకరు పెట్టేవాణ్ణి. అది చెప్పేది, నేను తిరిగి చెప్పి చేసేవాణ్ణి. పిచ్చుక ఆ గదిలో హోంవర్కు చేసుకుంటూ మమ్మల్ని వినేది. మా ఇంట్లో రాత్రి వంటంటే అదే. నా వంటంతా ఫోనులో నేర్చుకున్నదే."

"తెలుసు. వార్డు పిల్లలకంటే మీ బావకి ఎక్కువసార్లు చెప్పాలి అని నవ్వేది."

"వానల్లో మీ అక్క పోయాక, నువ్వొక రోజు నీ అంతట నువ్వే చేశావు, గుర్తుందా? తిన్నారా లేదా అని. చేతులు తడిగా ఉన్నాయని, అలవాటు కొద్దీ ఉప్పు డబ్బాకి ఆనించి స్పీకరు పెట్టా. ‘ఏం వండుతున్నారు బావా’ అన్నావు. అదీ బావా అనే కదా పిలిచేది. మీ ఇద్దరి గొంతూ..."

"బావా."

"లోపల్నుంచి పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. ‘అమ్మ!’ అంది."

"బావా, మీరేం చెప్పారు దానికి?"

"కూర కలుపుతూ ఉండిపోయా. అది అప్పటిదాకా ఏది పెట్టినా పక్కకి నెట్టేసేది చిన్నీ. ఆ రోజు తనే కంచం తెచ్చుకుంది. నాకూ ఒకటి పెట్టింది. కడిగినట్టు తినేసింది."

"అంటే మీరు... అక్క లేదని దానికి చెప్పలేదా?"

"మీ అక్క పోయిన రోజున దాన్ని పక్కింట్లో పడుకోబెట్టాం కదా. అమ్మకి దూరం ఊళ్ళో డ్యూటీ పడిందన్నా. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ... చెప్పలేకపోయా."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ."

"ఇన్నాళ్ళూ నేను పప్పు కడగండి, దుంపలు కొయ్యండి అంటుంటే, ఆ గదిలో పసిది వాళ్ళమ్మ మాట్లాడుతోందని వింటోందా? మా అక్క వేషం కట్టించారా నా చేత? నాకు చెప్పకుండా?"

"చెప్తే నువ్వు ఒప్పుకునేదానివా?"

"ఎలా ఒప్పుకుంటాను! నీ గొంతు అచ్చం మీ అక్క గొంతే అని అందరూ అంటుంటే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తోంది."

"తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ ఇవాళ ఒక్కటి చెయ్యాలి."

"ఏమీ చెయ్యను."

"అది నీతో మాట్లాడతానంటోంది."

"నాతోనా?"

"అమ్మతో. ఇన్నాళ్ళూ, అమ్మకి టీ వేళ కొంచెమే కదా, వంట మాట వరకే అని చెప్పి ఆపా. ఇవాళ మొండికేసింది. ఫోను నా చేతికిస్తేనే అన్నం ముట్టుకుంటానంది. ఇప్పుడే ఆ గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నన్నే చూస్తోంది."

"నా వల్ల కాదు."

"రెండు మాటలు. తిన్నావా, తిను. అంతే."

"నేను అమ్మనని పసిదాని చెవిలో అబద్ధం చెప్పమంటారా? అది రేపు వచ్చెయ్యమంటే ఏమనాలి? ఎల్లుండి?"

"రేపటి సంగతి రేపు. చిన్నీ, దాని కళ్ళు లోపలికి పోయాయి. నిన్న మెట్లు ఎక్కుతూ కూచుండిపోయింది. ఎత్తుకుంటే బరువే లేదు. నాకు ఇంకేం దారి తోచట్లేదు. రోజంతా గుంతలో నిలబడి పైకి చూస్తూ ఉంటా, పైనుంచి ఎవరైనా ఏదైనా చెప్తారేమో, తిరిగి చెప్పి చేసేద్దామని. ఎవరూ చెప్పట్లేదు."

"బావా, ఏడవకండి. మీరు తిన్నారా అసలు?"

"నా సంగతి ఎందుకు ఇప్పుడు."

"తిన్నారా అని అడిగా."

"ఆకలి లేదు."

"ఎప్పట్నుంచి లేదు?"

"వదిలెయ్ చిన్నీ. కూర మాడుతుంది."

"మంట ఆపండి ముందు."

"మంట ఆపుతున్నా. ఆపా."

"ఇవాళ ఒక్కసారే. ఈ ఆదివారం నేను వస్తా. మా ఆయన్ని కూడా తీసుకొస్తా. అందరం కూర్చుని దానికి నిజం చెప్పేద్దాం. మీకు నోరు రాకపోతే నేను చెప్తా. సరేనా?"

"సరే."

"తిరిగి చెప్పండి."

"ఆదివారం... నిజం చెప్పేద్దాం."

"ఇవ్వండి దానికి. మీరు అక్కడ నిలబడకండి. మీరు వింటుంటే నాకు మాట రాదు."

"బాల్కనీలోకి వెళ్తా. తలుపు వేసుకుంటా. ఇదిగో... తల్లీ, అమ్మ. మాట్లాడు. మాట్లాడి తినాలి మరి, మాటిచ్చావు."

"బంగారం? తిన్నావా తల్లీ?"

"..."

"మాట్లాడవేం? నేనే. అమ్మని."

"నాన్న బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు."

"ఊఁ. వెళ్ళనీ. నువ్వు అన్నం తినాలమ్మా. అమ్మకి ఇక్కడ డ్యూటీ... డ్యూటీ ఎక్కువ కదా..."

"నువ్వలా అనకు పిన్నీ. నీకు రావట్లేదు. ఏడుస్తున్నావా?"

"ఏమన్నావే?"

"గట్టిగా మాట్లాడకు. అద్దం లోంచి నాన్న చూస్తున్నాడు. మొదటి రోజు అమ్మే అనుకున్నా. తర్వాత నువ్వు బుడంకాయ్‌ని తిట్టావు. ఇవాళ కూడా తిట్టావు."

"తల్లీ... మరి అమ్మ..."

"తెలుసు. బడిలో అందరికీ తెలుసు. టీచరు నన్ను దగ్గరికి తీసుకుని చెప్పింది. నాన్నకే తెలియదు, నాకు తెలుసని."

"మరి తెలిసీ ఎందుకు చెప్పలేదే నాన్నకి? తిండి మానేసి ఇంత పంతం ఎందుకు పట్టావు?"

"నేను తినకపోతేనే కదా నాన్న నీకు ఫోను చేస్తాడు. నువ్వు మాట్లాడితేనే వండుతాడు. వండిన రోజే నాన్న కూడా తింటాడు పిన్నీ. లేకపోతే నాకు పెట్టి, తను పొయ్యి దగ్గర అలా నిలబడతాడు. నిన్న రాత్రి ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి, అందులో ఎవరూ లేకపోయినా, ఉల్లిపాయలు సన్నగా తరుగుతున్నా అని ఒక్కడే అంటున్నాడు. నాకు భయమేసింది."

"అయ్యో నా తల్లీ."

"తలుపు తీస్తున్నాడు. త్వరగా విను. నాకు నిజం చెప్పడానికి మీరేం రానక్కర్లేదు. నాకు తెలుసని నాన్నకి చెప్పకు, ఇంక వండడు. నీకు పనులుంటాయి, బట్టలు తియ్యాలి, చుక్కలు వెయ్యాలి, అన్నీ విన్నా. వాటన్నిటి చివర మా నాన్నని కూడా గుర్తుపెట్టుకో పిన్నీ. ఊరికే ఊఁ అంటే కాదు. తిరిగి చెప్పు."