లోపలి సర్వరా, విడి సర్వరా

"మన కాలేజీ లైబ్రరీకి విడి సర్వరు పెట్టింది ఎవరనుకున్నావయ్యా? నేనే!" అంటూ ధవళేశ్వరంలో సత్తిరాజు టీ బడ్డీ ముందు బల్ల మీద చేరబడ్డారు పల్లంరాజుగారు. కాలేజీలో కంప్యూటర్లు చూసేది ఆయనే. పక్కన లైబ్రేరియన్ మెర్సీగారు నిలబడి ఫోన్ నొక్కుకుంటున్నారు. రేపు పొద్దున్నే తనిఖీ వాళ్లొస్తారు. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఆన్‌లైన్లో తెరుచుకోకపోతే ఎమ్మెస్సీ కోర్సు పోతుందని ఆవిడ బెంగ.

"కంగారెందుకు మేడంగారూ, నేనున్నానుగా! సత్తిరాజూ, నువ్విను. ఆ రిపోర్టులు దాచే సాఫ్ట్‌వేరు కడుపులోనే చిన్న సర్వరొకటి పెట్టి ఇస్తారు. ఆన్ చేస్తే చాలు, పదిమంది వాడుకోడానికైతే అదే సుఖం. కాదంటే విడిగా పెద్ద సర్వరు పెట్టి, దాని మీద ఈ సాఫ్ట్‌వేరు ఎక్కించుకోవాలి. చాకిరీ ఎక్కువే గానీ ఎంతమందొచ్చినా తట్టుకుంటుంది. ప్రిన్సిపాల్‌గారు లోపల్దే చాలన్నారు. మొహమ్మీదే చెప్పేశాను, కుదరదని!"

"ఆయనతోనే?" అన్నాడు సత్తిరాజు టీ వడకడుతూ.

"మరేంటి! లేచి నాకు కుర్చీ వేశారు. సరే, విడి సర్వరు పెట్టాను. మొదటిరోజు నలభై మంది చూశారు. మర్నాడు కాకినాడ నుంచి నాలుగు వేలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జపాన్‌కి తెలిసిపోయింది! మన పిల్లలు కొబ్బరి పీచు మీద రాసిన రిపోర్టు కోసం ఒక్క నిమిషంలో నలభై లక్షల మంది ఎగబడ్డారు. సర్వరు ముట్టుకుంటే బొబ్బలే! ఇక లాభం లేదని కాలవలోంచి పైపు లాగాను..."

"కాలవ మూడు కిలోమీటర్ల దూరం కదండీ?"

"అడ్డు రాకు, చెప్పనీ! ఇటు చల్లగా వచ్చిన నీళ్లు అటు సలసల మరుగుతూ పోయాయి. కింద ఊళ్ల రైతులు లబోదిబోమన్నారు. ఎందుకంటావ్? చేలో వరి నిలబడ్డది నిలబడ్డట్టే ఉడికిపోయింది! కోసి మర పట్టిస్తే ఏముంది, ఉప్పుడు బియ్యం! ఈ దాళవా పంటకి కూడా ఓసారి వేడెక్కించండి రాజుగారూ అని ఇప్పటికీ ఒకటే ఫోన్లు."

సత్తిరాజు నవ్వాపుకోలేక గిన్నె దించేశాడు. మెర్సీగారు మాత్రం నవ్వలేదు. ఫోన్ ఆయన ముందు పెట్టారు. తెర మీద ఎర్రర్ తప్ప ఇంకేం లేదు.

"నేను ల్యాబ్ నుంచే వస్తున్నానండి. మీ మిషన్లో రెండు సర్వర్లూ నడుస్తున్నాయి. ప్రిన్సిపాల్‌గారు లోపల్దంటే మీరు 'ఆయ్, అలాగేనండి' అన్నారట. కరస్పాండెంట్‌గారు విడిదంటే ఆయనకీ 'ఆయ్' అన్నారట. రిపోర్టులున్నది ఒక్కచోటే. ముందు లేచిన లోపలి సర్వరు వాటికి తాళం వేసుకు కూర్చుంది. మనం అందరికీ ఇచ్చిన అడ్రసేమో విడిదానిది. దానికి ఒక్క రిపోర్టూ అందట్లేదు."

పల్లంరాజుగారు టీ ఊదుకున్నారు. "పెద్దవాళ్లు కదండీ. నోరు తెరిచి అడిగాక కాదంటే ఏం మర్యాదండి?"

"నెలరోజులు పిల్లల వెంటపడి నూట పన్నెండు రిపోర్టులు ఎక్కించానండి! నాకు ఏడుపొస్తోంది. లోపల్ది ఆపుతున్నామని ఇప్పుడే చెప్పండి" అంటూ మెర్సీగారు ప్రిన్సిపాల్‌గారి నంబరు నొక్కి ఫోన్ ఆయన చేతిలో పెట్టారు.

పల్లంరాజుగారు చటుక్కున లేచి, చెప్పులు విడిచి నిలబడ్డారు. "నమస్కారమండి... ఆయ్... లోపలి సర్వరాండి? ఆయ్, ఉంటుందండి! ఎక్కడికి పోతుందండి!"

మెర్సీగారు ఫోన్ లాక్కున్నారు. "సార్, లోపల్ది ఆపేస్తున్నానండి. రాజుగారు చెప్పలేకపోతున్నారు, నేను చెప్తున్నాను."