బాణం లేని లైట్లు

హోసూరు, బాగలూరు రోడ్డు పక్కన ఒక కారు ఎలక్ట్రికల్ షాపు. మధ్యాహ్నం. బానెట్ ఎత్తిన పాత జర్మనీ కారు. దాని ముందు ముగ్గురు: షాపు నడిపే నళిని, కారు యజమాని లోకనాథ్, అతని మామగారు చెన్నకేశవులు.

"అట్ల గోరుతో గీకొద్దమ్మా! జర్మనీ సరుకది."

"గీకలేదప్పా, దుమ్ము తుడిస్తిని. జర్మనీ అద్దమైనా దుమ్ము హోసూరుదే కదా."

"నీకు నవ్వులాటగా ఉండాది. ఆ లైట్ల జత కోసరం ఆర్నెల్లు కాచుకున్న్యాను. సముద్రం దాటి వచ్చినాయి. మీ మేస్త్రి యాడ? ఆయప్పని పిలువు."

"మేస్త్రి నేనే."

"నువ్వా? మీ ఇంటాయన లేడా?"

"మా మునెప్ప బస్సు తోల్తాడు. బెంగళూరుకి పోయినాడు. కావాలంటే సాయంత్రం దాకా కూర్చోండి. కానీ ఆయప్పకి ఫ్యూజు యాడుంటుందో కూడా తెలీదు, ముందే చెప్తా ఉండాను."

"చూస్తివా మామా? కృష్ణగిరిలో వాడు లైట్లు బిగించినాడు, అవి ఆరిపోతే చేతులెత్తేసినాడు. బర్గూరులో వాడు కారు చూస్తానే షట్టర్ దించుకునె. అందరూ కలిసి నళిని దగ్గరికి పో, నళిని దగ్గరికి పో అంటే, ఎవడో మెకానిక్ పెండ్లాం పేరు బోర్డుకి పెట్టుకున్న్యాడనుకుంటిని."

"ఏం చేస్తావు లోకనాథా, వచ్చింది వస్తిమి. చూడనీ. పక్కన నేనుండాను కదా. ముప్పై రెండేండ్లు లైట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసినోణ్ణి. ఈయమ్మ తప్పు చేస్తే నా కంట్లో పడకుండా పోతుందా?"

"ముప్పై రెండేండ్లా సార్? యాడ?"

"ఈ ఊర్లోనే. నీకెందుకులేమ్మా, పని చూడు."

"చూస్తా ఉండాను సార్. ఈ వైరింగు ఎవరు చేసినారప్పా?"

"కృష్ణగిరిలో ఒకాయప్ప. శానా పేరుండేవాడు."

"పేరుండాది, బుద్ధి లేదు. ఇదో చూడండి. రిలే అనేదే లేదు. రెండు లైట్ల కరెంటూ స్టీరింగు కిందుండే ఆ బుడ్డ స్విచ్చి గుండానే పోతా ఉండాది. ఆ స్విచ్చి ఏమన్నా ఎద్దా, అంత బరువు లాగేకి? కరిగి ముద్దయింది. దాని పైన టేపు చుట్టినాడు. టేపు మీద మళ్ళీ టేపు. వైరింగు చేసినాడా, పుండుకి కట్టు కట్టినాడా?"

"ఎలుకలు కొరికినాయని చెప్పినాడే?"

"కొరికితే పండ్ల గుర్తుండాల. ఇది కాలింది. పాపం ఎలక మీదికి తోసేసినాడు. దానికి నోరు లేదు కదా, ఎవరు ఏం చెప్పినా పడుంటుంది."

"మనవాళ్ళ పనే ఇంత మామా. అందుకే కదా మనవాళ్ళ సరుకు నేను ముట్టను."

"ఎందుకప్పా అంత కోపం మనవాళ్ళ మీద?"

"కోపం కాదమ్మా, అనుభవం. గురువారం నా గ్రానైటు చూసేకి జర్మనీ నుంచి మనుషులొస్తా ఉండారు. సాయంత్రం ఆరుకి బెంగళూరులో విమానం దిగుతారు. ఆన్నుంచి బర్గూరు దాకా ఈ కారులోనే పిలుచుకోని రావాల. మా నాయన వాడిన కారు, నట్టు బోల్టు అన్నీ మీ దేశానివే అని చూపించాల. పాత లైట్లు పగిలినప్పుడు ఈడ చేసినవి వేసుకోమని ఎంతమంది చెప్పినారో! వేస్తానా? ఈడ చేసినవైతే మొదటి వానకే లోపల చెరువు. మామే చెప్పినాడు."

"చెప్పినాను. కండ్లారా చూసినోణ్ణి."

"ఈ జత ఏరింది ఎవరప్పా?"

"మామే. కంప్యూటర్లో ఫోటోలు చూసి ఏరినాడు. పాత స్టాకు, పెట్టె విప్పనిది."

"మీరా సార్? మరి అద్దం కింద అంచులో బాణం గుర్తు చూసినారా?"

"బాణమా?"

"బాణమే సార్. ఇంతది. రోడ్డుకి ఎడమ పక్క పోయే దేశాలకి చేసిన లైటైతే అద్దం మీద బాణముంటుంది. దీనికి లేదు."

"ఉంటుంది, ఉంటుంది. పాతది కదా, అరిగిపోయింటుంది."

"అద్దంలో అచ్చుపోసింది అరుగుతుందా సార్? ముప్పై రెండేండ్లు చూసినారు!"

"ఏం చెప్తా ఉండావమ్మా? నాకర్థమయ్యేటట్ల చెప్పు."

"చెప్పేదెందుకు లోకనాథప్పా, చూపిస్తాను. షట్టర్ సగం దించుతా ఉండాను. ఇదో, నేరుగా బ్యాటరీ నుంచి డిమ్ము లైటుకి ఇచ్చినాను. ఆ గోడ చూడండి. ఎడమ పక్క వెలుగు ఎట్లుండాది?"

"చదునుగా గీత గీసినట్లుండాది."

"కుడి పక్క?"

"పైకి ఎక్కింది."

"మనం పోయేది ఎడమ పక్క. ఎదురొచ్చేవాడు ఏ పక్క వస్తాడు?"

"కుడి పక్క... ఓహో."

"అదే. డిమ్ములో పెట్టినా నేరుగా వాడి కండ్లల్లోకి కొడ్తుంది. జర్మనీలో వాళ్ళు కుడి పక్క పోతారు, వాళ్ళకైతే అది రోడ్డంచు చూపిస్తుంది. ఈడ ఎదురొచ్చే లారీవాడికి కండ్లు కనపడక మీ మీదికే వచ్చేస్తాడు. మీ జర్మనీవాళ్ళు గ్రానైటు చూసినట్లే ఇంగ."

"మామా! ఏంది ఇది?"

"దానికేముంది? వెనక స్క్రూ తిప్పి రవంత దించితే సరిపోతుంది."

"దించితే ముందర పదడుగులు కనిపిస్తుంది సార్, తలకాయ వంచుకోని నడిచినట్ల. స్క్రూ తిప్పితే కుడిది ఎడమైపోతుందా? క్వాలిటీ చూసినోళ్ళు చెప్పాల్సిన మాటేనా ఇది?"

"ఏయ్, చూసి మాట్లాడు!"

"మామా, నువ్వుండు. దీనికి దారేంది నళినమ్మా?"

"అద్దాలు మార్చాల. పగిలిన లైట్ల నుంచి తీసి పెట్టినవి, బాణముండేవి, ఈ మోడలుకి ఒక జతుండాది నా దగ్గర. లైటుని వేడి చేసి, గమ్ము మెత్తబడినాక అద్దం ఊడదీసి, ఆ అద్దం పెట్టి మళ్ళీ గమ్మేసి మూస్తాను. వైరింగు మొత్తం కొత్తగా లాగుతాను. రెండు రిలేలు, ఫ్యూజులు వేరేవేరే, ఎర్తు గట్టిగా. బుధవారం సాయంత్రానికి కారు తీసుకోని పోవచ్చు."

"అంటే జర్మనీవాడు మూసింది నువ్వు తెరిచి, మళ్ళీ మూస్తావు."

"తెరవకుండా ఎట్ల మారుస్తానప్పా?"

"ఈ గమ్ము పని యాడ నేర్చుకున్న్యావు?"

"ఫ్యాక్టరీలో. తొమ్మిదేండ్లు గమ్ము బల్ల మీదే ఉంటిని."

"మంచిదే. మరి ఎందుకు వదిలేసినావు?"

"నేను వదల్లేదు. పంపించేసినారు."

"ఎందుకు?"

"ఎగుమతి లైట్లల్లో నీళ్ళు దిగినాయని."

"విన్న్యావా మామా! నీళ్ళు దిగినాయని ఇంటికి పంపిస్తే, ఈడ షాపు పెట్టుకోని నా లైట్లు తెరుస్తానంటుంది! కృష్ణగిరి వాడే మేలు, వైర్లు కాల్చినాడంతే."

"పద లోకనాథా, పోదాం. బేరిగైలో ఒకడుండాడు."

"బేరిగైలో ట్రాక్టర్లు చూస్తారు చెన్నకేశవులు సార్."

"నా పేరు... నీకెవరు చెప్పినారు?"

"తొమ్మిదేండ్లు ఆ పేరు కింద పని చేసినాను సార్. బయట బోర్డు మీద నా పేరు చదివినారు. ముఖం చూసినారు. అయినా గుర్తు పట్టలేదా? నళిని, మూడో బల్ల."

"నా కింద మున్నూరు మంది ఆడోళ్ళు. అందరూ నళినిలే, అంబికలే. ఎవర్నని గుర్తు పెట్టుకుంటాను?"

"అంబిక రెండో బల్ల."

"ఉండొచ్చు."

"మీ చెల్లెలి కూతురు కదా సార్, ఆ అంబిక?"

"ఉండొచ్చంటిని కదా!"

"ఏందిది మామా, మన అంబిక గురించా? ఈయమ్మ మీ ఫ్యాక్టరీనా? పంపించింది నువ్వేనా?"

"నేను పంపించేదేముంది! ఎగుమతి చేసిన లాటు తిరిగొచ్చె. చుక్కలు చెప్పె. అంతే."

"చుక్కలా?"

"అదొక పద్ధతి లోకనాథా. నేనే పెట్టినాను. ఒక్కొక్క బల్లకి ఒక్కొక్క రంగు. గమ్మేసి మూసినాక వెనక రబ్బరు మూత కింద రెండు చుక్కలు పెట్టాల. ఎంత దూరం నుంచి తిరిగొచ్చినా సరే, మూత తీస్తే ఎవరి చేతి పనో తెలిసిపోతుంది. చుక్క అబద్ధం చెప్పదు."

"నాది పచ్చ రంగు. అంబికది పసుపు."

"ఏమో."

"తిరిగొచ్చిన లైట్లన్నిటికీ పచ్చ చుక్కలుండాయని మీరు చెప్పినారు. ఒక్కటి చూపించండి సార్ అంటిని."

"గోడౌన్లో ఉండాయి అని చెప్పినాను కదా అప్పుడే."

"జ్ఞాపకముండాదే మీకు! మూడు దినాలు గేటు దగ్గర నిలబడుకుంటిని. ఒక్కటి చూపించండి, చూసి నేనే పోతాను అంటిని. చూపించలే. ఊరంతా నాకు నీళ్ళ నళిని అని పేరు పెట్టె. పండ్లమ్మే పాపక్క కూడా అట్లే పిలిచె. నాలుగేండ్లు ఒక్కరంటే ఒక్కరు లైటు చేతికి ఇయ్యలే. ఆ పేరు పోవాలనే ఈ షాపు పెట్టినాను."

"చూడమ్మా, అది మీ ఇద్దరి పాత గలాటా. నాకు నా లైట్లు ముఖ్యం. నీళ్ళు దిగిన చేతికి నేనియ్యను."

"ఇయ్యొద్దప్పా. కానీ ఒక్క పరీక్ష చేసుకోని పోండి. పెట్టె విప్పని పాత స్టాకంటిరి. గమ్ము ఇంకా పట్టుండాదో లేదో చూసుకోకుండా వానలో తోల్తారా? సార్‌కి తెలుసు, తొట్టి పరీక్ష."

"అవునా మామా?"

"ఉండాది అట్లాంటిది. నీళ్ళల్లో ముంచి గాలి కొడితే, వదులుండే చోట బుడగలొస్తాయి."

"లైట్లు రెండూ ఊడదీసినాను, ఇదో తొట్టి. సార్, మీ చేత్తోనే ముంచండి. నేను ముంచితే ఏదో చేసినానంటారు. వెనక చిన్న గొట్టముండాది కదా, దాంట్లో నేను పంపుతో కొడతాను. కొట్టేదా?"

"కొట్టు."

"వచ్చిందా?"

"రాలే."

"ఇంకా కొడతా ఉండాను."

"రాలే, ఒక్కటీ రాలే."

"ఆ రెండోది?"

"దానికీ రాలే! చూస్తివా లోకనాథా? గమ్ము పనంటే ఇది. ఇన్నేండ్లకి కూడా ఒక్క బుడగ లేదు. మూల దగ్గర చూడు. మన ఆడోళ్ళు మూల తిరిగేటప్పుడు చెయ్యి ఎత్తేస్తారు, ఆడ సందు పడిపోతుంది. వీడు ఎత్తలే. ఒకే ధారగా పోసినాడు."

"ఇంగోసారి చెప్పండి సార్."

"ఎన్నిసార్లు చెప్పాల? ఇట్లాంటి చెయ్యి మా ఫ్యాక్టరీలో ఒక్కటుండింటే ఆ లాటు తిరిగొచ్చేదే కాదు. నువ్వూ ఈ షాపులో మసి పూసుకునే పని లేకుండా ఉండేది."

"మనవాళ్ళల్లో ఎవరికీ రాదంటారు."

"రాదు."

"మాట మీదుంటారా?"

"క్వాలిటీ చూసినోడి మాట. కావాలంటే రాసిస్తాను."

"ఆ జర్మనీవాడి చేతికి దండం పెట్టాల మామా!"

"పెడుదురు లోకనాథప్పా. ముందు లైటు తుడిచి, వెనక రబ్బరు మూత మీరే తీయండి. నేను ముట్టను, మళ్ళీ గీకినావంటారు."

"మూతెందుకు లోకనాథా? లోపలికి దుమ్ము పోతుంది. వద్దు."

"ఉండు మామా. తీసినాను. ఏం చూడాల?"

"సెల్లు లైటేసి చూడండి. ఏముండాది?"

"ఏదో అచ్చుండాది. తేది. మూడో నెల, రెండు వేల మూడు."

"సార్, తిరిగొచ్చిన లాటు ఏ నెలది?"

"ఎవరికి జ్ఞాపకముంటుంది!"

"నాకుంటుంది సార్, అదీ ఆ మూడో నెలదే. తేది పక్కన ఏముండాదప్పా?"

"అక్షరాలు... మేడ్ ఇన్... మేడ్ ఇన్ ఇండియా. మామా? ఇది జర్మనీది కాదా?"

"పెట్టె జర్మనీది లోకనాథా, పేరూ వాళ్ళదే. కొన్నాళ్ళు మా దగ్గర చేయించుకుంటా ఉండ్రి, అంతే. దాంట్లో ఏముంది..."

"అక్షరాల కింద చూడండప్పా."

"రెండు చుక్కలు."

"మూత పెట్టెయ్ లోకనాథా, పోదాం."

"రంగు చెప్పండి."

"పచ్చ. నళినమ్మా, పచ్చ రంగు. ఇంగో లైటుకి కూడా పచ్చే."

"చెన్నకేశవులు సార్, మూడు దినాలు గేటు దగ్గర నిలబడుకోని ఒక్కటి చూపించండి అని మొత్తుకుంటిని. ఇప్పుడు రెండూ చూసుకుంటిని. నా లైట్లల్లో తడి లేదు సార్, మీ చేతికే ఉండాది. ఇదో గుడ్డ, తుడుచుకోండి."