సొరుగు అడుగున రాత

1879 మార్చి 11, మంగళవారం, ఉదయం పది గంటలకు, పారిస్ వడ్రంగుల పేటలో మరమ్మతుకొచ్చిన ఒక రాతబల్ల సొరుగు విప్పారు. అడుగుచెక్క వెనక పెన్సిల్ రాత కనబడింది. మేస్త్రీ కబురు పెట్టాడు. ఆ బల్ల చేసి, ఎనిమిదేళ్ళ కిందట కనబడకుండా పోయిన ఒనెజీమ్ భార్య సబ్బుచేతులతోనే వచ్చింది.

"ఆయన రాతేనా?"

"కోడి కెలికినట్టు ఇంకెవరు రాస్తారు వదినా? బల్లమీద కార్ఖానా యజమాని ముద్రే పడుతుంది. అందుకే కొన్నవాళ్ళ కంటపడని చోట మేం ఏదో ఒకటి రాసుకుంటాం."

"నాకు చదువు రాదు. చదవండి."

"1871 మే 24, బుధవారం. తుపాకులు వీధి చివరికొచ్చాయి. జిగురు ఆరగానే ఇంటికి పోతాను."

"ఇంటికనే ఉందా?"

"ఇంటికనే."

"పేటంతా ఎవత్తెతోనో లేచిపోయాడంది. మీరూ అన్నారు."

"అన్నాను వదినా. తప్పే. ఆ వారం తిరుగుబాటు అణచడానికి పట్నంలోకొచ్చిన సైన్యం దారిలో దొరికినవాళ్ళనల్లా కాల్చేసింది."

"ఆ చెక్క నాకిచ్చేయండి."

"కొత్త చెక్క వేస్తే బల్ల పంపిన దొరసాని ఇట్టే పట్టేస్తుంది. నా పని ఊడుతుంది."

"పోనీ, మళ్ళీ చదవండి."

మేస్త్రీ మళ్ళీ చదివాడు. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, తడి అంటుతుందని తీసేసింది.

"దానికింద నా మాట రాస్తారా?"

"చెప్పు."

"ఆ ఆదివారం కాల్పులు ఆగేదాకా పొయ్యి ఆర్పలేదు. అంతే."

"పేరు?"

"ఆయనకు తెలుసు."

పన్నెండు గంటలకు చెక్క అతికించారు. జిగురు ఆరేదాకా ఆమె అక్కడే కూర్చుంది. నాలుగు గంటలకు బండి వచ్చి బల్లను తీసుకుపోయింది.