రోజినత్త తాడు

ఫ్రాన్సు ఉత్తరాన మూతబడ్డ బొగ్గుగనుల ఊరు. గురువారం పొద్దున, బొగ్గుగుట్ట కింద ఊరి క్లబ్బు మైదానం. డెబ్బై ఒక్కేళ్ళ రోజిన్ అక్కడ గీతలు గీస్తుంది, చొక్కాలు ఉతుకుతుంది, పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతుంది. ఊరి పిల్లలందరికీ అత్త. వచ్చినవాడు ద్రిస్ ఊషెన్. అతని మొహం ఎరగనివాళ్ళు దేశంలో లేరు, ఈ నెల రోజులుగా మరీను.

"ఆ చుక్క తొక్కకు. సున్నం తడారలేదు."

"ఎవరొచ్చారో చూశావా అత్తా?"

"చూశాలే. అప్పట్లో ప్రపంచ కప్పు తెచ్చావు గానీ కిందకి చూసి నడవడం రాలేదు. ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే. వచ్చిన చోటికి పొమ్మని గోడల మీద రాశారుగా. వచ్చేశాను."

"మీ తాత సముద్రం దాటొచ్చి ఈ ఊరి బొగ్గు తవ్వి, ఆ బొగ్గే గుండెల్లో నింపుకుని పోయాడు. ఇంకెక్కడికి పొమ్మంటారట?"

"రాసినవాళ్ళని అడుగు."

"ఏమైనా తిన్నావా?"

"ఆకలి లేదు. పన్నెండింటిలోపు ఫోన్ చెయ్యాలి."

"ఎవరికి?"

"జాతీయ జట్టు కోచ్‌కి. రేపు పేర్లు ప్రకటిస్తారు. నా పేరుంటుందిట. ఒక షరతు మీద."

"ఏం షరతు?"

"టీవీలో క్షమాపణ చెప్పాలి. ఇక మీద పెనాల్టీ కొట్టనని కూడా చెప్పాలి."

"ఒక్క బంతి గోలు పైనుంచి పోయిందనా?"

"ఈసారి కప్పు సెమీఫైనల్లో అత్తా. ఆఖరి పెనాల్టీ."

"నాకు టీవీ లేదనుకున్నావా? నువ్వేమన్నావు?"

"ఒప్పుకుందామనే ఉంది."

"ఉందా?"

"ముప్ఫై మూడొచ్చాయి. మోకాలికి రెండు ఆపరేషన్లు. ఆడితే ఇంకొక్క ఏడాది. దానికోసం రెండు మాటలంటే పోయేదేముంది?"

"పోయేదేం లేకపోతే ఇక్కడికెందుకొచ్చావు?"

"ఇక్కడ రెండు చుక్కలెందుకున్నాయి?"

"మాట మార్చకు."

"నువ్వే మారుస్తున్నావు. పెనాల్టీ చుక్క ఒకటే ఉంటుంది. నువ్వు ముందొకటి వేశావు, వెనకొకటి ఉంది."

"వెనకది చెరిపేస్తాను."

"ఎందుకు?"

"పాతబడింది."

"అత్తా."

"జిల్లా ఫుట్‌బాల్ సంఘం నుంచి ఒకాయన వచ్చాడు, పోయిన వారం. టేపు పట్టుకొచ్చాడు."

"వస్తే?"

"కొలిచాడు. గోలు గీత నుంచి చుక్క దాకా పదకొండు మీటర్లుండాలి కదా."

"ఎంతుంది?"

"పన్నెండుకి బెత్తెడు తక్కువ."

"ఎంతా?"

"తాడురా ద్రిస్. మీ తాతా, మా ఆయన మార్సెలూ గనిలోంచి తెచ్చి, పదకొండు దగ్గర ముడేసిన తాడు. ఏటా దానితోనే కొలిచాను. వానలో నానింది, నేను బిగించి లాగాను, సాగిపోయింది. నలభై ఏళ్ళు ఎవరూ టేపు పెట్టి చూళ్ళేదు."

"అంటే నేను..."

"చిన్నప్పుడు ఏడేళ్ళు దూరపు చుక్క నుంచి తన్నావు. బంతి లోపలికి పోలేదని ఇదిగో, ఇక్కడే కూలబడి ఏడ్చేవాడివి."

"అందుకా, పెద్ద మైదానాల్లో గోలు నాకంత దగ్గరగా కనపడేది."

"అందుకే బంతి పైకి లేచింది. వారం నుంచి నాకు కునుకు లేదు. నీ కాలికి తప్పు దూరం నేర్పాను. టీవీ వాళ్ళు గేటు బయట ఉన్నారు, చూశాను. వెళ్ళి చెప్పు. రోజిన్ అనే ముసల్ది సాగిన తాడుతో కొలిచింది, దానివల్లే పోయిందని చెప్పు. దేశమంతా నన్నే తిట్టనీ. ఈ వయసులో నాకొచ్చే నష్టమేంటి?"

"ఊరుకో అత్తా."

"నిజమేగా..."

"ఊరుకోమన్నానా. ఇప్పటికి యాభై మూడు పెనాల్టీలు కొట్టాను. నలభై తొమ్మిది లోపలికెళ్ళాయి. అవన్నీ కూడా నీ తాడు పుణ్యమేనా?"

"అది వేరు."

"ఏం వేరు? అవి నావైతే ఇదీ నాదే. కాలు నాది. తన్నింది నేను. పోగొట్టింది నేను. ఇది ఎవరికీ ఇవ్వను. నీకు కూడా."

"అరవకు."

"అరవట్లేదు. ఫోన్ ఎక్కడ పెట్టాను?"

"ఇంకా పన్నెండు కాలేదుగా."

"అందాకా ఎందుకు... హలో. నేనే సార్, ద్రిస్‌ని. ఆలోచించాను. క్షమాపణ చెప్పను. నేను తప్పు చెయ్యలేదు, గురి తప్పాను. రెండూ ఒకటి కాదు. లేదు సార్. పెనాల్టీ వస్తే నేనే కొడతాను. ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట. తెలుసు. మీ ఇష్టం సార్. ఉంటాను."

"ఏమన్నాడు?"

"పేరు తీసేస్తానన్నాడు."

"తీసేశాడా?"

"తీసేసుకోమన్నాను."

"ఇంకొక్క ఏడాది అన్నావు కదరా."

"అన్నాను."

"ఏడుస్తున్నావా?"

"సున్నం కళ్ళలో పడింది. ఆ డబ్బా కింద పెట్టి గోల్లో నిలబడు."

"నాకు మోకాళ్ళెక్కడున్నాయిరా?"

"నాకూ లేవు. నిలబడు."

"సరే, నిలబడ్డాను. చుక్క ఇంకా తడిగా ఉంది. బంతి చూసి పెట్టు."

"తడిదాంతో నాకేం పని? పాతదాని మీద పెడుతున్నాను."